హీరో పక్క సీటు



2024 మే 31, శుక్రవారం. ఎండలు ఇంకా తగ్గలేదు, బళ్లు ఇంకా తెరవలేదు. ఆ రోజు అమెజాన్ ప్రైమ్‌లో 'బుజ్జి అండ్ భైరవ' అని ఒక బొమ్మల సిరీస్ వచ్చింది. నెల తిరక్కుండా, జూన్ 27న రాబోతున్న 'కల్కి 2898 ఏడీ' సినిమాకు అది ముందుమాట లాంటిది. కథ కాశీలో జరుగుతుంది. మన కాశీ కాదు, ఎనిమిదిన్నర శతాబ్దాలకు పైగా గడిచాక ఉండే కాశీ. డబ్బుకోసం నేరస్తుల్ని పట్టి అప్పగించే భైరవకు, ఒళ్లు పోగొట్టుకుని మెదడు మాత్రం మిగిలిన ఒక యంత్రం దొరుకుతుంది. ఆ మెదడుకు అతను ఒక బండి కడతాడు. ఆ బండే బుజ్జి. ఊహ దర్శకుడు నాగ్ అశ్విన్‌ది, పెట్టుబడి వైజయంతీ వాళ్లది. బొమ్మలు కదిలించింది మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ, అంటే ఛోటా భీమ్‌ను ఇంటింటికీ తెచ్చినవాళ్లు.

ఇంత హంగామా చేసి ఎన్ని ఎపిసోడ్లు వదిలారయ్యా అంటే, రెండు. ఒక్కోటి పావుగంట, అటూ ఇటూగా.

మా పద్మారావునగర్ సందులో పిల్లలంతా మా పై వాటా మెట్లమీద ఒకే ఫోన్ చుట్టూ మూగి చూశారు. రెండోది అయిపోయాక ఫోన్ పట్టుకున్న కుర్రాడు తెరను వేలితో పైకి తోశాడు, కిందికి తోశాడు, ఇంకేమైనా దాచారేమోనని. ఏమీ లేదు. నా వైపు తిరిగి, అదేదో నేనే దాచినట్టు, "అంతేనా తాతా?" అన్నాడు.

ఆ సిరీస్ మీద నేను విన్న మొదటి విమర్శ అదే. ఆ తర్వాత పెద్దవాళ్ల నోట, కాలేజీ కుర్రాళ్ల నోట, రకరకాలుగా విన్నాను. మూలం మాత్రం అదే ప్రశ్న. సినిమాలో హీరో ప్రభాస్ అభిమానులకైతే ఇంకో బాధ. తమ డార్లింగ్‌ను కార్టూన్‌లో చూపించి సరిపెడతారా అని. ఇదంతా సినిమా టికెట్లు అమ్ముకోవడానికి వేసిన ఎర అని తేల్చేసినవాళ్లూ ఉన్నారు. ఎరే, కాదనను. కానీ ఆ సాయంత్రం మెట్లమీద జరిగిన వాదన వింటే ఎర వేసినవాళ్లే ఆశ్చర్యపోయేవారు. బుజ్జికి కోపం వస్తే తనంతట తాను బ్రేకు వేసేయగలదా? మెదడు బండిలో పెట్టకముందు దానికి నొప్పి తెలిసేదా? రేపు ఇంకా మంచి బండి దొరికితే భైరవ దాని మెదడు పీకి అందులో పెడతాడా, పెడితే అడిగి పెడతాడా, అడక్కుండా పెడతాడా? ఏడెనిమిదేళ్ల పాప ఒకతి చివరికి తేల్చి చెప్పింది. బండి భైరవదే కావచ్చు గానీ బుజ్జి మాత్రం బుజ్జిదేనట.

గమనించారా? హీరో గురించి ఒక్క ప్రశ్న లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఏదైనా సరే, మొదటి సీజన్‌లో తీసినవాళ్లు ఒకరిని ముందు నిలబెడతారు, చూసేవాళ్లు ఇంకొకరిని చంకనెత్తుకుని పోతారు. ఆ ఇంకొకరు చాలాసార్లు మనిషే కాదు.

మన తెలుగువాళ్లకు ఇది కొత్తేం కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' తీసుకోండి. కథానాయకుడు అభిమన్యుడు. పాత్ర వేసింది అక్కినేని. ఆ సినిమా చూసిన పిల్లల్లో అభిమన్యుడి వేషం వేసుకుని గెంతినవాణ్ని నేనైతే ఇంతవరకు చూడలేదు. అందరూ ఘటోత్కచులే. ఎస్.వి. రంగారావు గద భుజాన వేసుకుని తెరమీదికి వచ్చాక హాలంతా ఆయన సొంతం. రాక్షసుడు, అడవిలో ఉండేవాడు, నవ్వితే భయం వేసేవాడు. తీరా చూస్తే ఆ సినిమాలో అందరికంటే ఎక్కువ మనసున్నవాడు. ఇంకో ముచ్చట చెప్పాలి. అదే సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది. మూత తెరిస్తే చూసేవారికి ఎవరు ఇష్టమో వాళ్లు కనిపిస్తారు. కథానాయిక శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు, మాట్లాడతాడు, పాట పాడతాడు. మన దేశంలో ఢిల్లీలో టెలివిజన్ మొదలైంది 1959 సెప్టెంబరులో. అంటే టీవీ పెట్టె దేశానికి రాకముందే తెలుగువాడికి తెరమీద పరిచయం. అదీ ఎవరి ఇష్టం వారికే చూపించే పెట్టె. ఇప్పుడు ఫోన్లు చేస్తున్న పని అదే కదా!

ఇక అసలు టీవీ మన గడ్డమీదికి వచ్చిన తీరు కూడా కల్పితకథ లాగే ఉంటుంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. కానీ దానికి రెండేళ్ల ముందే, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, పాలమూరు, కర్నూలు జిల్లాల లాంటి చోట్ల పల్లెల్లో టీవీ కనబడింది. పంచాయతీ ఆఫీసు దగ్గర పెద్ద జల్లెడలాంటి యాంటెన్నా, దాని కింద ఒక పెట్టె, ముందు ఊరంతా. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెకు. సైట్ ప్రయోగం అని దాన్ని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లలో నడిపింది. అంతరిక్షంలో పైకెక్కి ఒకేచోట నిలిచినట్టుండే ఉపగ్రహంతో ప్రపంచమంతా ప్రసారాలు చేయొచ్చని 1945లోనే వ్యాసం రాసినాయన ఆర్థర్ సి. క్లార్క్. ఆయన సైన్స్ ఫిక్షన్ రచయిత. కొలంబోలో ఉండేవాడు. ఇస్రో వాళ్లు ఆ కృతజ్ఞతతో ఆయన ఇంటి మీద కూడా ఒక యాంటెన్నా బిగించి వచ్చారు. పాలమూరు రైతూ, ఆ క్లార్కూ ఒకే ఉపగ్రహం కింద కూర్చుని ఒకే కార్యక్రమం చూసిన రోజులవి. సికింద్రాబాద్‌లో ఉన్న మాకు మాత్రం టీవీ లేదు. పల్లెకు వచ్చి పట్నానికి రాని వస్తువు అదొక్కటే అనుకుంటాను.

సరే, మళ్లీ సీజన్ దగ్గరికి వద్దాం. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో 'స్టార్ ట్రెక్' మొదలైంది. అదే ఏడాది అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే మొదలైంది. ఈ రెండింటికీ ఏమీ సంబంధం లేదు, కానీ కాసేపట్లో నా మాటల్లో కలుస్తాయి, కొంచెం ఓపిక పట్టండి.

స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కర్క్ హీరో. అందగాడు, ధైర్యశాలి, చొక్కా చిరిగేదాకా కొట్లాడతాడు. ఆయన పక్కన స్పాక్ అని ఒకడు. తల్లి మనిషి, తండ్రి వేరే గ్రహం వాడు. చెవులు కొసదేరి ఉంటాయి. నవ్వడు. కోపం తెచ్చుకోడు. లెక్క చెబుతాడు. ఛానల్ వాళ్లకు ఆ చెవులంటే భయం. దయ్యంలా ఉన్నాడు, భక్తిపరులు టీవీ కట్టేస్తారేమోనని. ప్రచారం కోసం అచ్చేసిన పుస్తకంలో ఫొటో మీద ఆ చెవుల కొసలు చెరిపేసి గుండ్రంగా దిద్దారు. సిరీస్ ప్రసారమయ్యాక ఏమైంది? బస్తాలకొద్దీ ఉత్తరాలొచ్చాయి. ఎక్కువ భాగం ఆ చెవులవాడికే.

ఆ మొదటి సీజన్‌లోనే ఇంకో తమాషా జరిగింది. ఐజాక్ అసిమోవ్ అంటే అప్పటికే సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద తలకాయ. చదువు రీత్యా జీవరసాయన శాస్త్రవేత్త. ఆయన 1966 నవంబరులో 'టీవీ గైడ్' పత్రికలో ఒక వ్యాసం రాసి, టీవీల్లో వస్తున్న అంతరిక్ష కార్యక్రమాలన్నిటికీ తలంటు పోశాడు. స్టార్ ట్రెక్‌నూ వదల్లేదు. గెలాక్సీకి అర కాంతి సంవత్సరం బయట అన్న మాట అందులో ఒకచోట వచ్చిందట. గెలాక్సీకి ప్రహరీగోడ ఉందా, గేటు దాటి ఇంత దూరం అని చెప్పడానికి? అంచుల్లో నక్షత్రాలు పలచబడుతూ పోతాయి తప్ప గీత గీసి ఇక్కడితో సరి అని ఉండదు. అసిమోవ్ పట్టుకున్న తప్పు సరైనదే. కానీ అభిమానులు ఊరుకున్నారా? ఆయన మీదికి ఉత్తరాలతో దండెత్తారు. సిరీస్ తీస్తున్న జీన్ రాడెన్‌బెరీ కూడా, వారం వారం గంటసేపు బొమ్మ తీయడంలో ఉన్న కష్టం వివరించి ఉత్తరం రాశాడు. అసిమోవ్ మెత్తబడ్డాడు. సీజన్ ముగిసిన 1967 ఏప్రిల్‌లోనే అదే పత్రికలో ఇంకో వ్యాసం రాశాడు. ఈసారి విషయం, ఆడపిల్లలు స్పాక్ అంటే ఎందుకు పడి చస్తున్నారు అని! తెలివైన మగవాడు కూడా ఆడపిల్లలకు నచ్చుతాడని ఆయనకు తెలిసొచ్చిందట, తన యవ్వనం అంతా వృథా అయ్యాక. తర్వాత ఆయన, రాడెన్‌బెరీ మంచి స్నేహితులయ్యారు. 1979లో స్టార్ ట్రెక్ సినిమాగా వచ్చినప్పుడు శాస్త్ర సలహాదారుగా తెరమీద అసిమోవ్ పేరే పడింది.

నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, శాస్త్రం తప్పైనా అభిమానులు తగ్గలేదు. వాళ్ల వాదన గెలాక్సీ అంచుల గురించి కాదు. వాళ్ల మనిషిని ఎవరో ఏదో అన్నారు, అంతే. ఆ పట్టుదలే రెండో ఏడాది సిరీస్ ఆపేస్తారన్న మాట పుట్టినప్పుడు మళ్లీ ఉత్తరాల వరదై పొంగింది. చివరికి 1968 మార్చి 1న, ఎపిసోడ్ అయిపోయాక, ఈ సిరీస్ మళ్లీ వస్తుంది అని ఛానల్ వాళ్లే ప్రకటించాల్సి వచ్చింది.

ఈ స్టార్ ట్రెక్ మన సికింద్రాబాద్‌కు వచ్చేసరికి 1980ల నడిమి రోజులు. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో అప్పటికి మూడిళ్లకొక టీవీ. అది కూడా ఎక్కువగా ఈసీ టీవీ. తయారీ మన పక్కనే ఉన్న ఈసీఐఎల్‌లో. అణుశక్తి శాఖ కింది కంపెనీ చేసిన టీవీలో అంతరిక్షనౌకను చూడటం ఇంకెంతమందికి దక్కిందో! ఇడ్లీ గిన్నె పొయ్యిమీద ఉండగానే పక్కిళ్లవాళ్లు చాపలు తెచ్చుకుని వచ్చేవారు. డాబామీద ఒకడు యాంటెన్నా తిప్పాలి, కిటికీలోంచి ఇంకొకడు అరవాలి. "ఆ... ఆ... ఆపు, ఆపు, పోయింది, మళ్లీ ఇటు!"

మాట ఇంగ్లీషు. అందరికీ అర్థమయ్యేది కాదు. ఆంగ్లో ఇండియన్ ఇళ్ల పిల్లలు నవ్వినప్పుడు మిగతావాళ్లం ఒక క్షణం ఆగి నవ్వేవాళ్లం. కానీ ఒక పాత్ర వచ్చేసరికి తర్జుమా అక్కర్లేదు. ఇంజను గదిలో ఉండే స్కాటీ! పైనుంచి కెప్టెన్ ఇంకా వేగం కావాలంటాడు. కిందనుంచి స్కాటీ ఇంజను తట్టుకోదంటాడు. మా వరసలో కూర్చున్న ఫిట్టర్లు, బాయిలర్ మేకర్లు ఒక్కసారి ముందుకు జరిగేవారు. లాలాగూడ వర్క్‌షాపు 1893లో నిజాం రైల్వే పెట్టింది. అందులో తాతల నాటినుంచి పనిచేస్తున్న కుటుంబాలవి. పైనుంచి ఆఫీసరు సాయంత్రానికల్లా బోగీ బయటికి రావాలనడం, కింద పనిచేసేవాడు కాదు కాదంటూనే చేసి ఇవ్వడం, వాళ్లకు రోజూ ఉన్న భాగోతమే. మా పక్కింటి పెద్దాయన, ఆవిరి ఇంజన్ల కాలం మనిషి, ఒకరోజు తల అడ్డంగా ఊపి అన్నారు. "అంత పెద్ద బండికి ఇంజన్ దగ్గర వీడొక్కడే కనబడతాడేమిట్రా? షిఫ్టులో రిలీవర్ ఏడీ? యూనియన్ లేదూ?" మరునాడు క్యాంటీన్‌లో అదే చర్చ అయిందట. అమెరికాలో స్పాక్, లాలాగూడలో స్కాటీ. కెప్టెన్ కర్క్‌ను మాత్రం ఇక్కడా ఎవరూ ఎత్తుకోలేదు. ఆఫీసర్ల ముఖాలు రోజూ చూసేవే కదా.

ఇంకొక సంగతి చాలా ఏళ్ల తర్వాత తెలిసి నవ్వుకున్నాను. స్టార్ ట్రెక్ అభిమానులకు ఒక పాత జోకు ఉంది. ఎర్ర చొక్కా వేసుకుని కొత్త గ్రహం మీద దిగిన చిల్లర సిబ్బందిలో ఎవడూ బతికి తిరిగిరాడని. ఎర్ర చొక్కా కనబడితే చాలు, వీడి పని అయిపోయిందని అమెరికా ప్రేక్షకుడు ముందే నవ్వేవాడు. మావి నలుపు తెలుపు టీవీలు. అందరివీ బూడిదరంగు చొక్కాలే. కాబట్టి ఎవడు పోయినా మాకు ఉలికిపాటే, ఎవడు పోయినా అయ్యో పాపమే. రంగు లేకపోవడం వల్ల మాకు ఆ సిరీస్ ఇంకాస్త బాగా కనబడిందేమోనని నా అనుమానం.

బ్రిటన్‌లోనూ ఇదే వరస. 'డాక్టర్ హూ' అనే సిరీస్ 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైంది. ముందురోజే అమెరికాలో కెనెడీ హత్య. జనం మనసు ఇటు లేదు. దాంతో వారం తర్వాత రెండో ఎపిసోడ్‌కు ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. దాన్ని తీసిన కుర్ర దర్శకుడు వారిస్ హుస్సేన్. పుట్టింది లక్నోలో. బీబీసీ నాటక విభాగం పెద్ద సిడ్నీ న్యూమన్ ముందే గట్టిగా చెప్పాడు. చరిత్ర ఉండాలి, విజ్ఞానం ఉండాలి, గుడ్లు మిటకరించే రాక్షసులు మాత్రం వద్దు. నెల తిరిగేసరికి డాలెక్‌లు వచ్చాయి. ఇనుప డబ్బాలాంటి శరీరం, గీరుగొంతు, చెయ్యి ఉండాల్సినచోట సింకు మూసుకుపోతే కొట్టే రబ్బరు కప్పు. బడ్జెట్ అంతే మరి. చూసినవాళ్లు నవ్వాలి. నవ్వలేదు. దేశంలో పిల్లలందరూ చేతులు చాచి అదే గీరుగొంతుతో వీధుల్లో తిరిగారు. వద్దన్న రాక్షసులే ఆ సిరీస్‌ను నిలబెట్టారు.

మన దూరదర్శన్ కూడా ప్రయత్నించింది. 1989లో 'స్పేస్ సిటీ సిగ్మా' వచ్చింది. అదే రోజుల్లో పిల్లల కోసం 'ఇంద్రధనుష్' వచ్చింది. పిల్లలు ఇంట్లో కంప్యూటర్ తయారుచేయడం, అది ఎక్కడికో దారితీయడం కథ. అందులో నటించిన ఒక బొద్దుగా ఉండే కుర్రాడు తర్వాత పెద్ద దర్శకుడయ్యాడు, కరణ్ జోహార్. 1998లో కేతన్ మెహతా 'కెప్టెన్ వ్యోమ్' తీశాడు. వీటి గురించి ఎక్కువ చెప్పను. సెట్లు అట్టముక్కలని అప్పుడే అందరికీ తెలుసు. ఊళ్లో హిందీ అందరికీ వచ్చు కాబట్టి వెక్కిరింపులు కూడా ఉర్దూ తెలుగు కలిపి బాగా నడిచేవి. అయినా ఒక్క వారం తప్పిపోతే మనసు పట్టేది కాదు. దూరదర్శన్ లెక్క వారానికొకటి చొప్పున పదమూడు. నచ్చితే ఇంకో పదమూడు. వారంపాటు నమలడానికి అరగంట సరుకు చాలని అప్పుడు తెలిసింది.

తెలుగు టీవీలో మాత్రం సైన్స్ ఫిక్షన్ సిరీస్ కుర్చీ దాదాపు ఖాళీయే. మన దగ్గర సైన్స్ ఫిక్షన్ అభిమానులు లేరని కాదు. 'చీకట్లో సూర్యుడు' లాంటి యండమూరి నవలల్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివిన తరం ఉంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీస్తే, బాలకృష్ణ టైమ్ మెషీన్ ఎక్కి కృష్ణదేవరాయల కొలువుకు వెళితే, అక్కడినుంచి 2504కు పోతే, ఊరూరా జనం చూశారు. 2025లో దాన్ని మెరుగుపరిచి మళ్లీ విడుదల చేస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిన తండ్రుల్ని నేనే చూశాను. ఆ సింగీతమే తొంభై ఏళ్లకు దగ్గరపడి 'కల్కి' కథకు సలహాలిచ్చారు. కాబట్టి కరువు ప్రేక్షకులకు కాదు.

కరువు ఎక్కడంటే మన టీవీ నడిచే పద్ధతిలో. తెలుగు ఛానళ్లకు రోజువారీ సీరియల్ ప్రాణం. ఇవాళ తీసింది ఎల్లుండి ప్రసారం. వారం వారం రేటింగు చూసి అత్తగారి గుణం మార్చవచ్చు, చనిపోయినవాణ్ని లేపవచ్చు, నచ్చని పాత్రను అమెరికా పంపేయవచ్చు. ప్లాస్టిక్ సర్జరీ జరిగిందని ఒక ముక్క చెప్పి నటినే మార్చేయవచ్చు. సైన్స్ ఫిక్షన్‌తో ఆ ఆటలు సాగవు. మొదటి వారం బుజ్జి మెదడు తడిస్తే పాడవుతుందని చెప్పి, నాలుగో వారం వర్షంలో తిప్పితే, మా మెట్లమీద కూర్చున్నవాళ్లు ఒప్పుకోరు. ఎగిరే బండిని ఒప్పుకుంటారు, మాట్లాడే బండిని ఒప్పుకుంటారు, మాట తప్పిన బండిని ఒప్పుకోరు. ప్రియదర్శిని పెట్టె కూడా సినిమా మొత్తం ఒకే నియమం మీద నడుస్తుంది చూడండి. ఇష్టమైనదే చూపిస్తుంది, ఎవరడిగినా సరే. అందుకే అరవై ఏళ్లు దాటినా అది అబద్ధం అనిపించదు. ఇలాంటి కథకు లోకాన్ని ముందే గీసుకోవాలి, ఖర్చు ముందే పెట్టాలి, తప్పో ఒప్పో సీజన్ మొత్తం తీశాక జనం ముందు పెట్టాలి. రోజుకింత అని అద్దెకు తెచ్చిన బంగళాలో సీరియల్ తీసే పద్ధతికి ఇది సరిపడదు. నిర్మాతల మీద నాకు కోపం లేదు. వాళ్ల లెక్క వాళ్లది. కానీ పావుగంట చొప్పున రెండు ఎపిసోడ్లకే ఇంత చర్చ పుట్టిందంటే, పదమూడు ఇస్తే ఏమయ్యేదో ఎవరైనా ఒకసారి లెక్క వేసుకోవాలి.

బుజ్జి అదృష్టం ఏమిటంటే అది బొమ్మగానే ఉండిపోలేదు. సిరీస్ రావడానికి తొమ్మిది రోజుల ముందు, మే 22న, రామోజీ ఫిల్మ్ సిటీలో నిజం బండినే నడిపించి చూపించారు. మహీంద్రా ఇంజనీర్లూ, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్లూ కలిసి కట్టిన బండి. ఆరు టన్నుల బరువు, ఆరు మీటర్ల పైచిలుకు పొడవు, బ్యాటరీతో నడుస్తుంది. ముందు రెండు భారీ చక్రాలు, వెనక ఒక్కటే, గుండ్రంగా బంతిలా. గొంతు కీర్తి సురేశ్‌ది. సినిమా వచ్చాక చూసినవాళ్లు కూడా చాలామంది ఆ గొంతు గురించి మాట్లాడారు. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా నిలబడిన సినిమాలో, కమల్ హాసన్ ఉన్న సినిమాలో, ప్రభాస్ హీరోగా ఉన్న సినిమాలో, సణుగుతూ, అలుగుతూ, హీరోను దెప్పుతూ ఉన్న ఒక బండి! ఈ మాటకు వస్తే నాకు సినిమాలో కంటే ఆ బొమ్మల సిరీస్‌లోనే బుజ్జి ఎక్కువ నచ్చింది. ఒళ్లు లేని బాధ అక్కడ కొంచెం కనబడుతుంది. సినిమాలో ఫైట్లకు తొందర, దానికి అంత తీరిక లేదు.

రాణిగంజ్‌లో మా స్కూటర్ బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. షెడ్డులో గోడమీద బుజ్జి బొమ్మ అంటించాడు, దేవుడి పటానికి కాస్త కింద. పిల్లలతో కూర్చుని సిరీస్ చూశాడట. ఎలా ఉందన్నాను. స్పానర్ గుడ్డతో తుడుస్తూ చెప్పాడు.

"మంచిగనే ఉంది సార్. గానీ ముంగట రెండు చక్రాలు, ఎనక ఒకటి. అంటే మన ఆటోను తిరగేసిండ్రు, అంతే గదా? ముంగటికి బాగనే పోతది. రివర్స్ గేర్ల ఎట్ల మలుపుతడో ఒక్కపారి గూడ చూపియ్యలే."

"అది ఎనిమిది వందల ఏళ్ల తర్వాతి బండి కదయ్యా" అన్నాను.

"ఎన్నేండ్లయితేంది సార్, చక్రం చక్రమే గదా. గంత పెద్ద బండికి పంచరైతే ఎవలు ఏస్తరు? ఆ భైరవకు జాకీ ఎత్తొస్తదా? గా మెదడు పెట్టేటప్పుడు వైర్లు ఏది ఏడ కలిపిండో జర దగ్గరికి తీసి చూపియ్యాలె. గది చూపియ్యకుండ పాట పెట్టిండ్రు." స్పానర్ పక్కన పెట్టాడు. "మళ్ల ఇంకో భాగం వస్తే, కొట్లాట ఒకటి తీసేసి ఆ జాగల షెడ్డు పెట్టమనుండ్రి సార్. రేడియోల మీరు చెప్తరు గదా, ఇంటరేమో."

చెప్పాను.